టేపరా, లో ఫేడా, హై ఫేడా: ఏది మేలు?

కుర్చీలో కూర్చుని ఫోన్‌లో ఫొటో చూపించి "అన్నా, ఇలా కొట్టు" అనడం తేలిక. ఆ ఫొటో కటింగ్ అయిన పది నిమిషాలకు తీసింది. మనం అదే తలతో నెలంతా తిరగాలి. అందుకే ఫేడ్ గురించి ఎవరైనా అడిగితే నేను ముందు ముఖం గుండ్రమా, కోలా అని చూడను. మళ్లీ కటింగ్‌కి ఎన్నాళ్లకు వెళ్తావు అని అడుగుతాను.

పక్కల జుట్టు చెవి దగ్గర సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ ఎక్కడా గీత కనపడకుండా ఒత్తుగా మారడమే ఫేడ్. మన మిలిట్రీ కటింగ్‌కి దగ్గరి చుట్టం. అమెరికాలో సైనికుల తలల మీద పుట్టి, 1980ల్లో అక్కడి నల్లజాతివాళ్ల బార్బర్ షాపుల్లో సొగసులు దిద్దుకుంది.

షాపులో చెప్పాల్సిన సంగతులు రెండు: ఎంత ఎత్తుకు ఎక్కాలి, కింద ఎంత పలచగా దిగాలి. లో, మిడ్, హై అనేవి ఎత్తు. స్కిన్ (చర్మం కనపడేలా నున్నగా), జీరో (మిషన్‌కి దువ్వెన తగిలించకుండా), 1 నంబర్ (3 మి.మీ. దువ్వెనతో) అనేవి పలచదనం. "హై ఫేడ్" అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తే రెండోది కటింగ్ చేసేవాడి ఇష్టం. నాకు అదే జరిగింది. బాబాయి కొడుకు పెళ్లికి రెండు రోజుల ముందు కొత్త షాపుకి వెళ్తే, కణతల దాకా నున్నగా గీసేశాడు. ఎండ ఎరగని తల చర్మం ముఖం కంటే రెండు రంగులు తెల్లగా బయటపడింది. చిన్నప్పుడు అరుగు మీంచి పడి కుట్లు వేయించుకున్న మచ్చ కూడా. పెద్దమ్మ చూసి "ఏరా, మొక్కు సగంలో ఆపేశావా?" అంది.

టేపర్ అంటే చెవి ముందు, మెడ వెనక మాత్రమే సన్నం చేయడం. చెవి పైన జుట్టు జుట్టుగానే ఉంటుంది. లో ఫేడ్ తల చుట్టూ తిరుగుతుంది కానీ చెవి పైన ఒకటి రెండు వేళ్ల ఎత్తులో ఆగిపోతుంది. మిడ్ చెవికీ కణతకూ మధ్య దాకా, హై కణత దాటి తల గుండ్రం తిరిగే చోటు దాకా వెళ్తాయి.

ఇక రోజుల లెక్క. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, అంటే రోజుకు మిల్లీమీటరులో మూడో వంతు. షాపు మిషన్‌లో 1 నంబర్ 3 మి.మీ., 2 నంబర్ 6 మి.మీ. స్కిన్ దాకా గీసిన చోటు తొమ్మిది పది రోజుల్లో 1 నంబర్ అయిపోతుంది, దాని పైన ఉన్న 1 నంబర్ 2 అవుతుంది. నున్నటి చర్మానికీ 3 మి.మీ. జుట్టుకీ ఉన్న తేడా కంటికి కొడుతుంది. 3కీ 6కీ తేడా అంతగా తెలియదు. స్కిన్ ఫేడ్ అందమంతా ఆ మొదటి తేడాలోనే ఉంది కాబట్టి, దాన్ని నిలబెట్టుకోవాలంటే నెలకు రెండు మూడుసార్లు కుర్చీ ఎక్కాల్సిందే. కింద 1 నంబర్‌తో కొట్టించిన లో ఫేడ్ రెండు మూడు వారాలు నిలుస్తుంది. టేపర్ నెల దాకా మర్యాదగా పెరుగుతుంది. ఆఫీసుకి వెళ్తూ నెలకోసారే కటింగ్ చేయించుకునేవాడికి నా ఓటు టేపర్‌కే, మొహమాటం లేకుండా.

అలాగని హై ఫేడ్ దండగ అనను. గుండ్రటి ముఖానికి పక్కలు తగ్గితే కాస్త పొడవు వచ్చినట్టుంటుంది. కోలముఖానికి మాత్రం అదే పొడవు ఇంకా సాగుతుంది, వాళ్లు లో దగ్గర ఆగడం మంచిది. నుదుటి మూలల్లో జుట్టు వెనక్కి పోతున్నవాళ్లకు మిడ్ నప్పుతుంది: పక్కలు పలచబడితే పైన ఉన్నదే ఒత్తుగా కనిపిస్తుంది. వెనక తల చదునుగా ఉంటే, చెవి వెనక కిందికి వాలే డ్రాప్ ఫేడ్ అడగండి.

సుడి సంగతి ముందే చూసుకోవాలి. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లన్న మాట ఏమోగానీ, హై ఫేడ్‌లో సుడి దగ్గర జుట్టు పొట్టిగా మిగిలితే నిక్కబొడుచుకోవడం ఖాయం. బిరుసైన నిటారు జుట్టుకు పక్కల్లో కూడా ఇదే తంటా. 2, 3 నంబర్ల దగ్గర కుంచెలా నిలబడుతుంది, గీతలు తొందరగా బయటపడతాయి. ఉంగరాల జుట్టు అయితే కొట్టినవాడి తప్పుల్ని చాలావరకు దాచేస్తుంది.

మెడ మీద పొక్కులు లేచే చర్మమైతే రేజర్ వద్దనండి, జీరో మిషన్ చాలు. మిషన్ శుభ్రం చేయకపోతే తామర అంటుకోవచ్చు, బ్లేడు కొత్తది వేయమనడానికి సిగ్గు పడక్కర్లేదు. ఇంట్లో ట్రిమ్మర్‌తో దిద్దుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా ట్రిమ్మర్ల మీద ఉండే 3 అంటే 3 మి.మీ., షాపులో 3 నంబర్ అంటే దాదాపు 10 మి.మీ.

మొదటిసారి అయితే "చెవి పైన రెండు వేళ్ల దాకా, కింద 1 నంబర్, పైన కత్తెరతో" అని చెప్పండి. అద్దంలో చూసుకున్నాక చాలదనిపిస్తే అప్పటికప్పుడు ఇంకాస్త పైకి ఎక్కించవచ్చు, ఎక్కించినదాన్ని దించలేం. పెళ్లో, ఇంటర్వ్యూనో ఉంటే నాలుగు రోజుల ముందే వెళ్లండి.