ప్యూటర్ సిటీ: ముందు జిమ్మా, అడవా?
పోకెమాన్ రెడ్, బ్లూ వీడియో గేముల్లో ప్యూటర్ సిటీ అనే ఊరికి చేరగానే అందరికీ ఇదే డౌటు: ముందు జిమ్‌కెళ్లి అక్కడి లీడర్ బ్రాక్‌తో పోటీ పడాలా, లేక వెనక ఉన్న అడవికెళ్లి పోకెమాన్‌లను (మన తరఫున పోరాడే జీవుల్ని) పెంచుకోవాలా? రెండూ వదిలేసి ఊరు దాటేద్దామంటే కుదరదు. తూర్పు దారిలో ఓ కుర్రాడు పట్టుకుని జిమ్‌ దగ్గరకే తీసుకొచ్చేస్తాడు.

ఖర్చు: రెండింటికీ పైసా అక్కర్లేదు.

శ్రమ: జిమ్ నిమిషాల పని. అడవికి వెనక్కెళ్తే ఓపిక కావాలి.

రిస్క్: బ్రాక్ దగ్గర 12వ లెవెల్ జియోడ్యూడ్, 14వ లెవెల్ ఓనిక్స్ అనే పోకెమాన్‌లు ఉంటాయి. రెండూ రాళ్లే, నిప్పు పెద్దగా అంటదు. నిప్పు రకం చార్మాండర్‌తో నేరుగా వెళ్లి ఓడాను, చేతిలో ఉన్న డబ్బులో సగం పోయింది. అడవిలో కేటర్‌పీ అనే పురుగు పోకెమాన్‌ని పెంచితే 10వ లెవెల్‌కి బటర్‌ఫ్రీ అవుతుంది, 12కి కన్‌ఫ్యూజన్ అనే దాడి నేర్చుకుంటుంది. ఆ దెబ్బకి ఓనిక్స్ ఆగలేదు.

నీటి రకం స్క్వర్టిల్, గడ్డి రకం బల్బసార్ ఉన్నవాళ్లు (రాళ్లకు ఆ రెండూ పడవు) జిమ్‌కే వెళ్లండి. చార్మాండర్‌ వాళ్లు మాత్రం అడవికి.