ఐదు క్యాచ్‌ల కోసం ఏడాది పాస్

అమెరికా ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూపించే ఒక యాప్‌లో ఏడాది పాస్ కొన్నాను, ఇది దాని మీద రివ్యూ. హనుమకొండ నయీంనగర్‌లో కూర్చుని ఆ కోడిగుడ్డు బంతి ఆట నీకెందుకురా అని ఆఫీసులో అందరూ అడిగారు, కాబట్టి ముందు ఆ సంగతి చెప్తా. అది తెలియకపోతే రేటింగ్ ఎందుకలా ఇచ్చానో అర్థం కాదు.

మా బామ్మర్ది ఫ్రిస్కోలో ఉంటాడు, డాలస్ పక్కన. డాలస్ కౌబాయ్స్ టీమ్ ఆఫీసు, ప్రాక్టీసు మైదానం అన్నీ ఆ ఊళ్లోనే. అందుకని ఆ టీమ్‌ని మా అత్తగారి ఆస్తిలో వాటా అన్నట్టు మాట్లాడతాడు. ఆ టీమ్ చివరిసారి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది 1996 జనవరిలో, అప్పటికి వీడు నిక్కర్ల మీద తిరుగుతున్నాడు. అయినా ఏటా ఆగస్టు రాగానే 'ఈసారి మనదే బావా' అంటాడు. నేను ఊఁ కొడతాను. పెళ్లయినప్పటి నుంచి ఊఁ కొడుతూనే ఉన్నా.

2024 నవంబర్ 6 పొద్దున వాట్సాప్ మెసేజ్ వచ్చింది: 'బావా, మనకు రిసీవర్ దొరికిండు, ఇప్పుడన్నా పాస్ తీస్కో.' ఆ రోజు సుబేదారిలో టీ కొట్టు దగ్గర జనమంతా ట్రంప్ గెలుపు గురించి, వీసాల గురించి మాట్లాడుకుంటుంటే నేనొక్కడినే ఫోన్‌లో ఆ రిసీవర్ జోనథన్ మింగో ఎవరని వెతుకుతున్నా. ఆ ఇంటిపేరు మన వైపు పెద్దవాళ్ల ముందు గట్టిగా పలికేది కాదు, కాబట్టి మా ఇంట్లో అతన్ని 'కొత్త పిల్లగాడు' అంటాం.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. వైడ్ రిసీవర్ అంటే లైను చివర నిలబడి, ముందే అనుకున్న దారిలో పరుగెత్తి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పట్టుకునేవాడు. దారి ఒక అడుగు తప్పినా, మలుపు అర క్షణం ఆలస్యమైనా బంతి వేరేవాడి చేతుల్లో పడుతుంది. ఒడ్డూ పొడుగూ ఉంటే సరిపోయే పని కాదన్నమాట.

ఇక బేరం. కౌబాయ్స్ వాళ్లు కరోలినా పాంథర్స్‌కి 2025 డ్రాఫ్ట్‌లో తమ నాలుగో రౌండ్ పిక్ ఇచ్చి ఇతన్నీ, పైన ఒక ఏడో రౌండ్ పిక్‌నీ తీసుకున్నారు. డ్రాఫ్ట్ అంటే కాలేజీ కుర్రాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం, ఆ వంతునే పిక్ అంటారు, ముందు రౌండ్ పిక్ ఎంత విలువో వెనక రౌండ్‌ది అంత తక్కువ. కొత్త పిల్లగాడు 2023లో రెండో రౌండ్‌లో, మొత్తం మీద 39వ వాడిగా వెళ్లాడు. మొదటి ఏడాది 43 క్యాచ్‌లు, వాటితో టీమ్‌ని ముందుకు జరిపింది 418 గజాలు, టచ్‌డౌన్ (బంతితో అవతలి చివరి గీత దాటడం) సున్నా. రెండో ఏడాది ఈ బేరం కుదిరేనాటికి 12 క్యాచ్‌లు, 121 గజాలు, టచ్‌డౌన్ మళ్లీ సున్నా. సున్నా పక్కన సున్నా పెడితే ఎంతొస్తుందో నాకు తెలుసు, నేను అకౌంట్స్‌లో పని చేస్తాను.

నాలుగో రౌండ్ అంటే చిన్నదేగా అంటాడు బామ్మర్ది. వీళ్ల క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌ని 2016లో తెచ్చుకుంది ఏ రౌండ్‌లో? నాలుగో రౌండ్‌లోనే! పోనీ అది అదృష్టం అనుకుందాం. అంతకు రెండు వారాల ముందే డియాండ్రే హాప్కిన్స్ లాంటి పేరున్న రిసీవర్‌ని కాన్సస్ సిటీ ఐదో రౌండ్ పిక్‌తో తెచ్చుకుంది. అదే పాంథర్స్ దగ్గర డియాంటే జాన్సన్ అని చేతనైనవాడు ఉంటే, బాల్టిమోర్ అతన్ని కూడా ఐదో రౌండ్‌తోనే పట్టుకుపోయింది. ఆడి చూపించినవాళ్లకు ఐదో రౌండ్, ఆడి చూపించాల్సినవాడికి నాలుగో రౌండ్. ఇది నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడలేదు.

మా నాన్నది నర్సంపేట వైపు, మిర్చి రైతు. ఎనుమాముల మార్కెట్‌కి బస్తాలు దించితే వ్యాపారి ఏం చేస్తాడు? బస్తా విప్పి మోచేయి దాకా చెయ్యి పెడతాడు, అడుగు నుంచి గుప్పెడు కాయ తీస్తాడు, విరిచి చూస్తాడు, తాలు ఎంతుందో, తేమ ఎంతుందో చూసి అప్పుడు ధర చెప్తాడు, అదీ రైతు మొహం వాడిపోయే ధర. పై కాయ ఎర్రగా ఉందని డబ్బులు తీసి ఇచ్చిన వ్యాపారిని నేను పుట్టాక చూడలేదు. డాలస్ యజమాని జెర్రీ జోన్స్ 1989 నుంచి ఈ టీమ్ నడుపుతున్నాడు, చమురు వ్యాపారంలో సంపాదించినవాడు, అయినా బస్తాలో చెయ్యి పెట్టకుండా పై కాయ చూసి ఇచ్చేశాడని నా అనుమానం. పై కాయ మాత్రం బాగుంది, కాదనను: ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, దగ్గర దగ్గర వంద కిలోల బరువు, వయసు 23.

ఇంకోటి, ఈ బేరానికి రెండు రోజుల ముందు అట్లాంటా మ్యాచ్‌లో ప్రెస్కాట్‌కి తొడ కండరం దెబ్బతింది, తర్వాత ఆపరేషన్, సీజన్ అయిపోయింది. టీమ్ అప్పటికే మూడు గెలిచి ఐదు ఓడింది. బంతి విసిరేవాడే లేనప్పుడు పట్టేవాడిని కొనడం ఏంటి? 'ముందు చూపు బావా, వచ్చే రెండేళ్లు కూడా తక్కువ జీతానికే ఉంటడు, అక్కడ పిల్లగాడిని వాడుకోలే' అన్నాడు. ఇందులో కొంత నిజముంది, ఒప్పుకుంటా. పాంథర్స్ 2023లో 17 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే, కోచ్‌ని సీజన్ మధ్యలోనే పంపించేశారు, అలాంటి ఇంట్లో ఏ పిల్లాడు బాగా చదువుతాడు?

సరే, సీజన్ సగం అయిపోయిందని యాప్ వాడు ధర తగ్గించాడు, నేను కొన్నా. తగ్గించిన ధర కూడా మా ఇంటి నెల పాల బిల్లుకు దాదాపు రెట్టింపు. మా ఆవిడకి చెప్పలేదు, బ్యాంకు మెసేజ్ చెప్పింది.

ముందు టైమింగ్స్ మాట. ఆదివారం తొలి మ్యాచ్‌లు మనకు రాత్రి పదిన్నరకు, నవంబర్‌లో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకున్నాక పదకొండున్నరకు మొదలవుతాయి. రెండో విడత మ్యాచ్‌లు తెల్లవారుజాము మూడింటికి. కౌబాయ్స్‌కి జనం ఎక్కువ కాబట్టి టీవీ వాళ్లు వీళ్లని ఎప్పుడూ ఆ మూడు గంటల టైమ్‌లోనే వేస్తారేమో అనిపించింది నాకు. పాస్ కొన్న వారమే సోమవారం తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చున్నా, ఫిలడెల్ఫియాతో మ్యాచ్. స్టేడియం పడమటి వైపు పెద్ద అద్దాలు, సాయంత్రం ఎండ తిన్నగా మైదానంలోకి కొడుతుంది. వీళ్ల స్టార్ రిసీవర్ సీడీ లాంబ్ టచ్‌డౌన్ గీత దాటి నిలబడ్డాడు, బంతి వచ్చింది, కళ్లలో ఎండ పడి బంతి కనపడలేదు, పక్కన పడిపోయింది. ఆ లాంబ్‌కి ఆగస్టులో నాలుగేళ్లకు 13 కోట్ల 60 లక్షల డాలర్ల ఒప్పందం రాశారు. పరదా కట్టించమంటే జోన్స్ ససేమిరా అన్నాడు. మా చౌరస్తాలో బట్టల షాపువాడు కూడా పడమటి ఎండకి గోనెపట్టా కడతాడయ్యా! 34-6తో ఓడిపోయారు. నేను ఎనిమిదిన్నరకి ఆఫీసుకి ఎర్రటి కళ్లతో వెళ్లా.

యాప్‌లో బాగున్నవి కూడా చెప్పాలి. మూడు గంటల మ్యాచ్‌ని 40 నిమిషాలకు కుదించి పెడతారు, మధ్యలో నిలబడి మాట్లాడుకునేదంతా కత్తిరించి. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాడికి ఇది చాలు. హోమ్ పేజీలో స్కోరు కనపడకుండా దాచుకునే బటన్ ఉంది, కానీ మన బామ్మర్దులకు అలాంటి బటన్ లేదు, నేను పళ్లు తోముకునేలోపే 'ఛీ' అని మెసేజ్ పెట్టేసేవాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది కోచ్‌లు చూసే వీడియో. మామూలు టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, రిసీవర్ ఎటు పరుగెత్తాడో కనపడదు. ఈ వీడియోలో పైనుంచి 22 మందీ కనపడతారు. మామూలు మ్యాచ్ చూసినప్పుడు 'పాపం పిల్లాడికి బంతే వెయ్యట్లేదు' అనిపించేది, బామ్మర్దిది కూడా అదే వాదన. పైనుంచి చూశాక వేరే సంగతి తెలిసింది. చాలాసార్లు అతని పక్కన కాపలావాడు అతుక్కునే ఉన్నాడు, మలుపు దగ్గర ఇతను ఆగి తిరిగేసరికి అవతలివాడు అప్పటికే తిరిగి ఉన్నాడు, అలాంటివాడికి బంతి ఎవరు విసురుతారు? నేనేం కోచ్‌ని కాదు, నా కళ్లకు కనపడింది చెప్తున్నా. ఇదే వీడియో బేరం ముందు డాలస్ వాళ్ల దగ్గర కూడా ఉంటుంది కదా, చూశారో లేదో.

డిసెంబర్‌లో సిన్సినాటీతో మ్యాచ్, మనకు మంగళవారం పొద్దున ఆరుముప్పావుకి, టీ తాగుతూ చూసే టైమ్. ఆఖర్లో వాళ్ల పంట్‌ని, అంటే బంతిని వదులుకుంటూ దూరంగా కాలితో తన్నడాన్ని, మనవాళ్లు అడ్డుకున్నారు, బంతి దొర్లుతోంది, వదిలేస్తే బంతి మనదే. మనవాడొకడు పోయి దాన్ని ముట్టుకున్నాడు, పట్టు జారింది, వాళ్లు పడ్డారు దాని మీద. మళ్లీ వాళ్లదే బంతి. కాసేపటికి వాళ్ల రిసీవర్ జమార్ చేజ్ దాన్ని పట్టుకుని టచ్‌డౌన్ కొట్టేశాడు, 27-20. ఆ ఒక్క మ్యాచ్‌లో చేజ్ పట్టినవి 14 క్యాచ్‌లు. మన కొత్త పిల్లగాడు డాలస్‌కి వచ్చి సీజన్ ముగిసేదాకా అన్ని మ్యాచ్‌ల్లో కలిపి పట్టినవి 5, గజాలు 46. చేజ్‌తో పోల్చడం అన్యాయమని బామ్మర్ది అలిగాడు. నిజమే, అన్యాయమే, ఆ ఏడాది క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్లు మూడింట్లోనూ లీగ్‌లో చేజే మొదటివాడు. కానీ చేజ్‌తో కాకపోయినా ఎవరితో పోల్చినా 5 అంటే 5.

మనకూ ఇది కొత్త కాదులెండి. సన్‌రైజర్స్ 2022 డిసెంబర్ వేలంలో హ్యారీ బ్రూక్‌ని 13 కోట్ల 25 లక్షలకు కొంటే కోల్‌కతా మీద ఒక సెంచరీ కొట్టాడు, దాంతో కలిపి సీజన్ మొత్తానికి 190 పరుగులు, మరుసటి ఏడాదికి వదిలేశారు. కానీ బ్రూక్ టెస్టుల్లో దుమ్ము రేపి వచ్చినవాడు, అక్కడ శాంపిల్ ఉంది, లెక్క తప్పింది. ఇక్కడ శాంపిలే తాలు.

యాప్ తిట్లకి వస్తే, నవంబర్ 29 తెల్లవారుజామున మూడింటికి న్యూయార్క్ జెయింట్స్‌తో థాంక్స్‌గివింగ్ మ్యాచ్. సీజన్‌లో మనవాళ్లు గెలిచిన కొద్ది మ్యాచ్‌ల్లో ఒకటి, 27-20. నాలుగో క్వార్టర్‌లో బొమ్మ ఆగిపోయింది, చక్రం తిరుగుతూనే ఉంది. మా ఫైబర్ తప్పేమో అని ఫోన్ డేటా పెట్టి చూశా, అదే చక్రం. కస్టమర్ కేర్ చాట్‌లో యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు, తెల్లారుజామున అయిదున్నరకి ఓటీపీ రాలేదు, వచ్చేసరికి మ్యాచ్ అయిపోయింది. తర్వాత మెయిల్ పెడితే నాలుగు రోజులకు 'మీ అనుభవం మాకు ముఖ్యం' అని జవాబు. టీవీలో యాప్ ఫోన్‌లో కన్నా నిదానం, రిమోట్‌తో ముందుకు జరిపితే రెండు నిమిషాలు ఎగిరిపోతుంది. హిందీ, తెలుగు కామెంటరీ లేదు, నాకు పర్లేదు కానీ మా నాన్న కాసేపు కూర్చుని 'వీళ్లు ఆడేదానికన్నా నిలబడేదే ఎక్కువుంది కదరా' అని లేచిపోయాడు.

మొత్తానికి 7 గెలిచి 10 ఓడి సీజన్ ముగించారు. 2025 మే నెలలో టీమ్ వాళ్లు పిట్స్‌బర్గ్ నుంచి జార్జ్ పికెన్స్‌ని తెచ్చుకున్నారు, ఈసారి మూడో రౌండ్ పిక్ పెట్టి. అతను 2023లో 1,140 గజాలు సాధించినవాడు, అంటే బస్తాలో చెయ్యి పెట్టి చూశాకే కొన్నారు. కొత్త పిల్లగాడి మీద వాళ్లకే నమ్మకం ఉంటే ఆరు నెలలకే ఇంకొకడిని ఎందుకు తెస్తారు? ఈ మాట ఫోన్‌లో అడిగితే బామ్మర్ది సిగ్నల్ సరిగా లేదన్నాడు. ఆగస్టులో పిల్లాడి మోకాలికి దెబ్బ తగిలింది, దానికి మాత్రం నాకు నిజంగా బాధేసింది. నా గొడవ బేరంతో, అతనితో కాదు.

పాస్‌కి ఐదులో రెండున్నర ఇస్తా. కోచ్‌ల వీడియోకి ఒకటిన్నర, 40 నిమిషాల మ్యాచ్‌కి ఒకటి, మిగతావాటికి ఏమీ లేదు. కొనేవాళ్లు సెప్టెంబర్‌లో పూర్తి ధర పెట్టొద్దు, నవంబర్ దాకా ఆగండి, ఎలాగూ తగ్గిస్తారు. ఆటో రెన్యూవల్ బటన్ సెట్టింగ్స్‌లో మూడు పేజీల లోపల దాక్కుని ఉంటుంది, కొన్న రోజే దాన్ని ఆపేయండి. నేను ఆపేశా.

బామ్మర్ది దసరాకి వస్తున్నాడు. కౌబాయ్స్ జెర్సీ తెస్తాను, వెనక ఎవరి పేరు వేయించాలి, మింగోనా పికెన్సా అని నిన్న రాత్రి అడిగాడు. సైజు ఎక్సెల్ అని పంపించా, పేరు దగ్గర ఖాళీగా వదిలెయ్ అన్నా.