స్మాల్‌ఫిల్మ్స్, కాస్‌గ్రోవ్ హాల్: రెండు బ్రిటిష్ బాలల యానిమేషన్ స్టూడియోలు

1959లో ఆలివర్ పోస్ట్‌గేట్, పీటర్ ఫర్మిన్ ప్రారంభించిన స్మాల్‌ఫిల్మ్స్, కెంట్‌లో ఫర్మిన్ ఇంటి దగ్గరి పాత పశువుల కొట్టంలో నడిచింది. పోస్ట్‌గేట్ కథ రాసి, బొమ్మలను ఫ్రేము ఫ్రేముకూ కాస్త జరుపుతూ చిత్రీకరించి, వ్యాఖ్యానం కూడా తానే చెప్పేవారు. వారి ‘క్లాంగర్స్’ ధారావాహికలోని బొమ్మలను ఫర్మిన్ భార్య జోన్ గులాబీ రంగు ఊలుతో అల్లారు. 1976లో బ్రయన్ కాస్‌గ్రోవ్, మార్క్ హాల్ మాంచెస్టర్‌లో స్థాపించిన కాస్‌గ్రోవ్ హాల్‌కు థేమ్స్ టెలివిజన్ అనే టీవీ ప్రసార సంస్థ అండ ఉండడంతో, అది పెద్ద బృందంతో ‘డేంజర్ మౌస్’ వంటి ధారావాహికలను వరుసగా తీయగలిగింది. రాశిలో దీనిదే పైచేయి. అయినా, 13 భాగాలే ఉన్న స్మాల్‌ఫిల్మ్స్ ధారావాహిక ‘బాగ్‌పస్’లో కనిపించే చేతిపని ఆత్మీయత వల్ల నా మొగ్గు స్మాల్‌ఫిల్మ్స్ వైపే. పైగా పెద్ద సంస్థ అండ శాశ్వతం కాదు: థేమ్స్ 1991లో ప్రసార హక్కును కోల్పోయాక కాస్‌గ్రోవ్ హాల్ చేతులు మారి, 2009లో మూతపడింది.