రోజుకు పది లక్షలు: వియత్నాంలో ఇద్దరికి అయిన ఖర్చు

కంగారు పడకండి, వియత్నాం కరెన్సీ అయిన డాంగ్‌ల లెక్క అది. మేం వెళ్లినప్పుడు లక్ష డాంగ్‌లంటే మన డబ్బులో 335 రూపాయల దాకా ఉండేది. అంటే ఇద్దరికీ కలిపి రోజుకు మూడు వేల మూడు, నాలుగు వందలు. కొట్టు ముందు నిలబడి ఫోన్ తీయక్కర్లేదు. చివరి మూడు సున్నాలు కొట్టేసి, మూడుతో గుణించి, పైన పదో వంతు కలుపుకుంటే చాలు. అన్నట్టు, 20 వేల నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టుకోండి.

విమానం టికెట్లు, ఈ-వీసా (ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు) ఇంట్లోనే కట్టేస్తాం కాబట్టి రోజువారీ లెక్కలోకి తేవద్దు. ఇక మిగిలినదంతా కూడి రోజులతో భాగిస్తే వచ్చే సగటు అక్కడ ఎందుకూ పనికిరాదు. హనోయ్‌లో హోన్ కీమ్ సరస్సు చుట్టూ కాళ్లీడ్చుకుంటూ తిరిగిన రోజుకీ, పడవ టికెట్ కొన్న రోజుకీ పొంతన ఉండదు. అందుకే గదికీ, తిండికీ, ఊళ్లో తిరుగుడుకీ కలిపి పది లక్షలు అనుకున్నాం. చూడాల్సిన చోట్ల టికెట్ల డబ్బు ముందే లెక్కగట్టి విడిగా ఉంచాం. ఒకరోజు మిగిలింది మర్నాడు కాఫీలకి పోయేది.

హనోయ్ పాతబస్తీలో నాలుగైదు లక్షలకి శుభ్రమైన ఏసీ గది దొరుకుతుంది. కానీ చవగ్గా కనబడే గదుల్లో చాలావాటికి కిటికీ ఉండదు. ఫొటోలో పరదా వేలాడుతుంది, దాని వెనక గోడే. మరో యాభై వేలు పోయినా కిటికీ ఉన్న గదే తీసుకోండి. విమానాశ్రయం నుంచి 86 నంబరు బస్సులో మనిషికి 45 వేలే. అర్ధరాత్రి దిగితే మాత్రం గ్రాబ్ అనే యాప్‌లో పిలిచే కారు నయం. ఎక్కకముందే రేటు కనబడుతుంది, బేరం గొడవ లేదు.

తిండి దగ్గరే మనవాళ్ల బడ్జెట్ తలకిందులవుతుంది. వీధిలో బాన్ మీ (వాళ్ల బ్రెడ్ శాండ్‌విచ్) ఒకటి పాతిక, ముప్పై వేలు. అదే ఇండియన్ రెస్టారెంట్‌లో పప్పూ, రెండు రోటీలూ, అన్నం అనేసరికి ఇద్దరికీ నాలుగు లక్షలు దాటుతుంది, పైగా ఆ పప్పు మన పప్పూ కాదు. మా ఆవిడ శాకాహారి. ఆమెకి ఆసరా అయినవి ‘చాయ్’ అని బోర్డు పెట్టిన భోజనశాలలు. మన టీ కాదు, అక్కడ ఆ మాటకి శాకాహారం అని అర్థం. బౌద్ధులు చాంద్రమాసం మొదటి రోజూ పౌర్ణమి నాడూ మాంసం మానేస్తారు కాబట్టి ఇవి ఊరూరా ఉన్నాయి. అన్నం, టోఫు, నాలుగు కూరలు కలిపి యాభై వేలకి కడుపు నిండేది. మామూలు హోటల్లో మాత్రం “కూరగాయలే” అని చెప్పినా చేపల సాస్ పడే ఉంటుంది, జాగ్రత్త.

టికెట్ పెట్టి చూసినవాటిలో నిన్ బిన్ దగ్గరి చాంగ్ ఆన్‌కే నా ఓటు. మనిషికి రెండున్నర లక్షలు. సున్నపురాయి కొండల నడుమ, గుహల కిందుగా దాదాపు మూడు గంటల పడవ ప్రయాణం. పడవ నడిపే ఆడవాళ్లకి ఇచ్చే టిప్పు కూడా ఈ లెక్కలోనే వేసుకోండి. దనాంగ్ నగరం దగ్గర కొండమీది వినోద కేంద్రం బా నా హిల్స్‌కి మనిషికి తొమ్మిది లక్షల పైమాటే. రెండు పెద్ద చేతులు మోస్తున్నట్టుండే అక్కడి గోల్డెన్ బ్రిడ్జ్ మీద ఫొటో కోసం క్యూ కట్టే ఓపిక మాకు లేక మానేశాం. ఆ డబ్బులో ఆరో వంతుకి ‘మీ సన్’ అనే చోటు చూడొచ్చు. చంపా రాజులు కట్టిన ఎర్ర ఇటుకల శివాలయాలవి. 1969 అమెరికా బాంబుదాడిలో చాలా కూలిపోయాయి. ఆ ప్రాంతానికి ఒకప్పుడు అమరావతి అని పేరట, వినగానే మా ఆవిడ గైడ్‌ని వదల్లేదు.

రాత్రి రైలెక్కితే గది అద్దె మిగులుతుందంటారు. హనోయ్ నుంచి దనాంగ్ 791 కిలోమీటర్లు, పదహారు గంటల పైనే. నాలుగు బెర్తుల ఏసీ పెట్టెలో ఇద్దరి టికెట్లు గది అద్దెకి రెండింతలు దాటాయి. మిగులు కోసమైతే ఎక్కొద్దు. హ్యూ దాటాక హై వాన్ కనుమ దగ్గర రైలు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది, దానికోసం ఎక్కండి. దక్షిణానికి వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ పట్టుకోవాలి.

దనాంగ్‌లో ‘మీ ఖే’ అనే బీచ్‌కి రెండు వీధుల వెనక్కి వెళితే గది సగానికి సగం తక్కువ. ముప్పై కిలోమీటర్ల దూరంలోని హోయి ఆన్‌ను సాయంత్రం చూసి వచ్చేయొచ్చు గానీ, రాత్రి తిరుగు కారు కన్నా అక్కడే హోమ్‌స్టేలో పడుకోవడం మేలనిపించింది. పొద్దున టిఫిను, సైకిలు ఊరికే ఇచ్చారు. పాతబస్తీ టికెట్ 1 లక్షా 20 వేలు.

మిగిలిన డాంగ్‌లు ఇంటికి తెస్తే ఇక్కడ మార్చేవాళ్లు దొరకడం కష్టం. చివరి గది అద్దె నగదుగా కట్టేసి, కారుకీ కాఫీకీ సరిపడా ఉంచుకోండి.