డి3500 సరిపోతుందా, డి7500కి వెళ్లాలా?

ఫోటో చూసి ఏ కెమెరాతో తీశారో చెప్పమంటే ఈ రెండింటి విషయంలో ఎవరైనా తడబడతారు. నికాన్ డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో చిన్నదైన డి3500లో 24.2 మెగాపిక్సెళ్లు, దానికంటే పై తరగతి డి7500లో 20.9. పిక్సెళ్ల లెక్కలో చిన్నదే ముందుంది. మంచి వెలుతురులో, ఒకే లెన్స్‌తో, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 400 దగ్గర తీస్తే తేడా వెతికినా దొరకదు. చిన్న బాడీలో (లెన్స్ కాక మిగిలిన కెమెరాలో) కోసేసిన సదుపాయాలు మొదటి రోజు తెలియవు. రెండో లెన్సో, ఫ్లాషో కొన్న రోజు బయటపడతాయి.

అన్నిటికన్నా పెద్ద కోత ఫోకస్ మోటార్. డి3500 బాడీలో అది లేదు. 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్ చవకగా దొరికిందని బిగిస్తే వెలుతురు కొలిచే మీటర్ పనిచేస్తుంది గానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. దీనికి మోటార్ లోపలే ఉన్న ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి లెన్సులే కొనాలి. డి7500లో మోటార్ ఉంది, లోపల మోటార్ లేని పాత డి లెన్సులూ నడుస్తాయి. పాత పెద్ద బాడీ కొనేవాళ్లకు దీనికి తిరగేసిన చిక్కు ఇంకోటి ఉంది: డి90, డి7000 మీద ఏఎఫ్-పి లెన్స్ అసలు ఫోకస్ కాదు, రింగ్ తిప్పినా సరే.

తర్వాతిది ఫోకస్ సవరణ. వ్యూఫైండర్‌లోంచి చూసి తీసేటప్పుడు ఫోకస్ కొలిచే సెన్సర్ వేరు, బొమ్మ పడే సెన్సర్ వేరు. రెండింటికీ వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎఫ్/1.8లో (లెన్స్ ద్వారం బాగా తెరిచినప్పుడు) కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి మీద పడుతుంది. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, స్కేలును 45 డిగ్రీలు వాల్చి, మధ్య గీతకు ఫోకస్ చేసి చూడండి. పదునైన గీత ప్రతిసారీ ఒకే వైపుకి జరిగిందంటే లోపం అదే. డి7500 మెనూలో ఒక్కో లెన్స్‌కు విడిగా సరిచేయొచ్చు. డి3500లో ఆ సదుపాయం లేదు కాబట్టి లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) తీయడమే దారి, కదిలే మనిషికి అది పనికిరాదు.

ఎండలో పోర్ట్రెయిట్లు తీసేవాళ్లు షటర్ కూడా చూసుకోవాలి. నిండు ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/2 పెడితే సుమారు 1/6400 సెకను షటర్ వేగం కావాలి. డి3500 1/4000 దగ్గర ఆగిపోతుంది. ఫ్లాష్ వేస్తే 1/200 దాటదు, ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టి వెలుతురు తగ్గించే అద్దం) లేకపోతే బొమ్మ తెల్లగా వెలిసిపోతుంది. డి7500, సరిపడే బయటి ఫ్లాష్ ఉంటే, 1/8000 దాకా వెళ్తుంది. కానన్ వైపు వెళ్లినా ఫ్లాష్ గొడవ తప్పదు: 200డి మార్క్ 2 హాట్‌షూలో (పైన ఫ్లాష్ బిగించే చోట) మధ్య పిన్ను తీసేశారు, ఆ ఒక్క పిన్నుతో పేలే మామూలు మాన్యువల్ ఫ్లాషులు, ట్రిగ్గర్లు దాని మీద పేలవు.

మిగతావి ఊహించినట్టే. 11 ఫోకస్ పాయింట్లకు 51, సెకనుకు 5 ఫ్రేములకు 8, ఒక డయల్‌కు రెండు. వ్యూఫైండర్ 95 శాతమే చూపిస్తుంది కాబట్టి అంచున మీకు కనపడని కరెంటు తీగ డి3500 ఫోటోలో ప్రత్యక్షమవుతుంది.

అయినా చిన్నదాన్ని తీసిపారేయకండి. బాడీ బరువు 365 గ్రాములే, డి7500ది 640. బ్యాటరీ లెక్క 1550 ఫోటోలకు 950. పైగా డి7500లో కార్డు స్లాట్ ఒక్కటే. దానికి ముందొచ్చిన డి7200లో రెండున్నాయి. పెళ్లిళ్లు తీసేవాళ్లకు ఇది ఊరికే వదిలేసే విషయం కాదు.

ప్రయాణాలు, ఇంట్లో ఫోటోలు, ట్రైపాడ్ మీద ప్రకృతి దృశ్యాలు అయితే డి3500 తీసుకుని మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టండి. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గర ఎఫ్/5.6కి 1/20 అడిగే గదిలో ఎఫ్/1.8 లెన్స్ 1/200 ఇస్తుంది. ఏ బాడీ మార్చినా ఇంత తేడా రాదు. పక్షులు, ఆటలు, పరుగెత్తే పిల్లలు అయితే మాత్రం డి7500.

డి3500 తయారీ ఆగిపోయింది, కాబట్టి దొరికేది ఎక్కువగా వాడిందే. దాంతో ఒక జేపెగ్ తీసి, ఎడిట్ చేయకుండా ఎగ్జిఫ్‌లో (ఫోటో ఫైలులో దాగి ఉండే వివరాల్లో) షటర్ కౌంట్, అంటే షటర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు పడిందో చూడండి. షటర్ ఎన్నిసార్లు పడేదాకా నిలుస్తుందో నికాన్ పరీక్షించిన లెక్క డి3500కి లక్ష, డి7500కి లక్షన్నర. తర్వాత ఎఫ్/16లో తెల్లగోడను ఫోకస్ తప్పించి తీయండి. నల్ల చుక్కలు కనపడితే దుమ్ము. డి3500లో సెన్సర్‌ను తనంతట తాను దులుపుకునే ఏర్పాటు లేదు, శుభ్రం చేయించే ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి.