బొర్రా గుహల శివయ్య దగ్గరికి: రైలు, బస, దర్శనం

బొర్రా గుహలకి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది అరకు ప్యాకేజీలో భాగంగానే వెళ్తారు. తెల్లారేసరికి విశాఖలో బయలుదేరి పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు, వాటి మధ్యలో ఎక్కడో బొర్రా. గుహ దగ్గర బండి ఆపి "గంటలో వచ్చేయండి" అంటాడు డ్రైవరు. టికెట్ లైనుకి కొంత, ఫొటోలకి కొంత పోయాక శివయ్య ఉన్న చోటికి ఎక్కకుండానే చాలామంది వెనక్కి తిరుగుతారు. మా అమ్మ ఇదివరకు బంధువులతో అలాగే వెళ్లింది. లింగం చూడకుండా వచ్చేశానన్న దిగులు ఆవిడకి అలాగే ఉండిపోయింది. అందుకని ఈ కార్తీకంలో బొర్రా కోసమే బయలుదేరాం, అరకు ఎలాగూ దగ్గరే కదా అనుకుని. నేను, మా ఆయన, అమ్మ, పదేళ్ల మా అమ్మాయి.

వెళ్లేటప్పుడు రైల్లోనే వెళ్లండి. విశాఖ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే రైలు పొద్దున ఏడు కాకముందే కదులుతుంది. అక్కడి బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో జపాన్ సాయంతో వేసిన లైను ఇది. శృంగవరపుకోట, బొడ్డవర దాటేదాకా మామూలు ప్రయాణమే. ఆ తర్వాత శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి అని ఒక్కో స్టేషనూ వస్తుంటే కొండ ఎక్కుతున్నట్టు చెవులకే తెలుస్తుంది. లైను మొత్తం మీద 58 సొరంగాలున్నాయి. చీకటి పడ్డప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా ఒకటే కేకలు.

2017 నుంచి ఈ రైలుకి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. కుర్చీ ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు, ఏసీ ఉంటుంది, పెద్దవాళ్లకి సుఖం. టికెట్ మాత్రం మామూలు సీటుకి ఎన్నో రెట్లు. శని ఆదివారాలకి ముందే అయిపోతుంది. అమ్మ కోసం మేం అందులోనే వెళ్లాం. కానీ నన్నడిగితే, కుర్రవాళ్లకి అంత డబ్బు పెట్టాల్సిన పని లేదు. మామూలు రిజర్వుడు సీట్లో కిటికీ తెరుచుకుని కూర్చుంటే కొండగాలి ముఖానికి తగులుతుంది, అది అద్దాల పెట్టెలో దొరకదు.

బొర్రా గుహలు స్టేషన్లో దిగితే గుహ నడిచి వెళ్లేంత దూరమే. మేం మాత్రం దిగలేదు. రైలు పదింటి ప్రాంతంలో వస్తుంది, దిగినవాళ్లంతా ఒక్కసారే గేటు మీద పడతారు. సామాన్లతో, మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఆ గుంపులో ఇబ్బంది. నేరుగా అరకు వెళ్లిపోయాం. బొర్రా బోర్డు కనిపించగానే అమ్మ సీట్లోంచే దణ్ణం పెట్టుకుంది.

అరకులో దిగిన ప్రైవేటు హోటలు గురించి ఎక్కువ చెప్పను. ఆన్‌లైన్లో లోయ కనిపించే గది అని ఫొటో పెట్టారు, మాకు కనిపించింది పార్కింగు. గీజరు పనిచెయ్యలేదు. నవంబరు చలిలో అమ్మకి వేడినీళ్లు కావాలంటే బకెట్లతో వంటగది నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. అడిగితే "సీజన్ కదండీ" అన్నారు. సీజన్ కాబట్టే కదా మేం ఆ రేటు కట్టాం! అరకులో గది తీసుకునేవాళ్లు ముందు ఫోన్ చేసి వేడినీళ్లు ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు వస్తాయో గట్టిగా అడగండి.

ఆ తర్వాత గాలికొండ మీదుగా కిందికి దిగి అనంతగిరిలో ఏపీ టూరిజం వాళ్ల హరిత రిసార్టులో ఉన్నాం. హంగులు ఆశించకండి. కానీ చుట్టూ కాఫీ తోటలు, పొద్దున్నే గది ముందుకి వచ్చేసే మంచు, గోల లేదు. బొర్రా కోసమే వచ్చేవాళ్లు అరకులో కాకుండా ఇక్కడే ఉండాలని నేను గట్టిగా చెబుతాను. అరకు నుంచి బొర్రాకి ముప్పై అయిదు కిలోమీటర్ల పైనే ఘాట్ రోడ్డు, గేటు తెరిచే వేళకి అందుకోవడం కష్టం. త్యాడలో అదే సంస్థ వాళ్ల జంగిల్ బెల్స్ కూడా ఉంది, అడవి మధ్యలో చెక్క గదులు. పిల్లలకి బాగుంటుంది గానీ అది ఇంకా కిందికి ఉంటుంది.

మర్నాడు పది కొట్టేసరికి గేటు దగ్గరున్నాం. గుహ ద్వారం చాలా పెద్దది, కాబట్టి లోపలికి వెళ్లాలంటే ఊపిరాడదేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. మెట్లు దిగుతుంటే వెలుతురు తగ్గుతూ చల్లదనం పెరుగుతుంది. కప్పు ఎంతో ఎత్తులో ఉంటుంది. గుహ దాదాపు 80 మీటర్ల లోతు వరకు పోతుంది. గైడుని పెట్టుకోండి. దాదాపు అందరూ చుట్టుపక్కల గూడేల వాళ్లే. టార్చి వేసి ఇది మునిగారి గడ్డం, ఇది తల్లీబిడ్డ, ఇది మొసలి అని చూపిస్తుంటే మా అమ్మాయి అతని చెయ్యి వదల్లేదు. ఒకచోట ఆపి, సరిగ్గా మన నెత్తి మీదుగానే రైలు పట్టాలు పోతున్నాయని చెప్పాడు.

రంగురంగుల దీపాలు మాత్రం నాకు నచ్చలేదు. ఒక గోడ ఎరుపు, ఒక గోడ ఆకుపచ్చ, ఇంకోటి నీలం. రాయి అసలు రంగేమిటో చూడాలంటే గైడు టార్చి వెలుగే దిక్కు. ఆ తెల్లటి వెలుగులో చూస్తే తేనె రంగు, బూడిద రంగు, అక్కడక్కడా తడి మెరుపు. అంత అందం ఉన్న రాయికి మళ్లీ రంగులెందుకు?

శివయ్య ఉండేది లోపలెక్కడో, ఎత్తులో. నిటారుగా ఉన్న మెట్లెక్కాలి. నీళ్లు కారి తడిగా ఉంటాయి. "అమ్మా, జారుతాది, సూసి అడుగెయ్యండి" అంటూ గైడు ముందు నడిచాడు, మా ఆయన వెనక. అమ్మ ప్రతి నాలుగు మెట్లకీ ఆగింది. తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు, పొద్దున్నే వెళ్లినందుకు దక్కిన పెద్ద లాభం అదే. పైన చోటు చాలా చిన్నది, నలుగురైదుగురు నిలబడితే నిండిపోతుంది. లింగం ఎవరూ చెక్కింది కాదు, నేల నుంచి లేచిన రాయి. విభూతి రేఖలు, మారేడు దళాలు, పక్కన దీపం. కప్పు నుంచి బొట్టు బొట్టుగా నీళ్లు పడుతూనే ఉన్నాయి. అమ్మ చేతులు జోడించి చాలాసేపు కదల్లేదు. మా అమ్మాయి "అమ్మమ్మా, స్వామికి అభిషేకం ఎవరూ చెయ్యక్కర్లేదు, కొండే చేస్తోంది" అంది. ఆ మాటకి అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇక్కడి కథ ఏమిటంటే, కొండ మీద మేస్తున్న ఆవు ఒకటి కప్పులోని కన్నంలోంచి లోపల పడిపోయిందట. వెతుక్కుంటూ వచ్చిన కాపరికి ఆవూ దొరికింది, దాన్ని కాపాడిన స్వామీ దొరికాడు. లింగం పైన రాయి ఆవు పొదుగులా ఉంటుంది, అక్కడి నుంచే గోస్తనీ నది పుట్టిందని నమ్మకం. ఆ గోస్తనీ నీళ్లే కిందికి పారి తాటిపూడి జలాశయం చేరి విశాఖ నగరం దాహం తీరుస్తున్నాయి. విశాఖ వాళ్లు గుహకి వెళ్లినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

లింగం ఎలా ఏర్పడిందో మా అమ్మాయికి బొట్టు చూపించే చెప్పాను. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది, దారిలో సున్నపురాయిని కరిగించుకుంటుంది. గుహ కప్పుకి చేరాక ఆ వాయువు తప్పుకోగానే కరిగిన సున్నం మళ్లీ రాయిగా పేరుకుంటుంది. పైనుంచి వేలాడేది ఒకటి, బొట్టు పడ్డ చోట నేల నుంచి లేచేది ఇంకొకటి. అంగుళం పెరగడానికే వందల ఏళ్లు పడుతుంది. మన చేతి జిడ్డు అంటితే నీరు సరిగా నిలవదు, ఆ చోట రాయి పెరగడం ఆగిపోతుంది. చేతికందే ఎత్తులో ఉన్నవన్నీ నల్లబడి నున్నగా అయిపోయాయి. కొన్ని కొసలు విరిచేశారు కూడా. దయచేసి ముట్టుకోకండి, పేర్లు చెక్కకండి. స్వామికి దణ్ణం పెట్టే చేత్తోనే పక్కనున్న రాయిని గీరడం ఏం భక్తి?

ఖనిజాల కోసం ఈ కొండల్ని తవ్వబోయారన్న సంగతి ఈ తరం వాళ్లకి అంతగా తెలియదు. అనంతగిరి మండలంలో, బొర్రా రిజర్వు అడవి ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి ఇచ్చిన గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూములు గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సమత తీర్పు అని దేశమంతా చెప్పుకునేది దీన్నే. గుహ బయట మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే గిరిజన ఆడవాళ్ల దగ్గర బేరమాడేముందు ఈ కొండని కాపాడుకున్నది వాళ్లేనని ఒక్కసారి తలుచుకోండి.

తిండి సంగతి: బొంగులో చికెన్ దుకాణాలు దారి పొడుగునా ఉన్నాయి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి ఆకులతో మూత పెట్టి నిప్పుల మీద కాలుస్తారు, నూనె వెయ్యరు. కార్తీకం కాబట్టి మేం తినలేదు. శాకాహారులకి గుహ దగ్గర పెద్దగా ఏం దొరకదు, పులిహోర కట్టుకుని వెళ్లడం మేలు. కోతులు చేతిలో సంచి కనిపిస్తే వదలవు, జాగ్రత్త. సిగ్నల్ సరిగా ఉండదు, ఫోన్‌లో డబ్బులు కట్టొచ్చులే అనుకోకుండా చిల్లర దగ్గరుంచుకోండి. గుహలోకి దిగేముందే బాత్రూముకి వెళ్లి రండి. రబ్బరు అడుగున్న చెప్పులు వేసుకోండి.

బేలం గుహలు చూసినవాళ్లు రెంటిలో ఏది బాగుంటుందని అడుగుతారు. కొలిమిగుండ్ల దగ్గరి బేలం పొడవులో పెద్దది, 3,229 మీటర్లు. లోపల కోటిలింగాలు అనే చోటు కూడా ఉంది. కానీ అది మైదానం కింద సొరంగంలా సాగుతుంది, ఉక్కపోస్తుంది, వంగి నడవాల్సిన చోట్లున్నాయి. పెద్దవాళ్లని తీసుకెళ్లాలంటే నా ఓటు బొర్రాకే. శివయ్య దగ్గరి నిటారు మెట్లు ఎక్కలేని వాళ్లు సైతం కింది దాకా దిగి ఆ విశాలం చూసి రావచ్చు. వీల్‌చైర్‌కి మాత్రం వీలుకాదు.

శివరాత్రికి ఇక్కడ జాతర జరుగుతుంది, చుట్టుపక్కల గూడేల నుంచి జనం పోటెత్తుతారు. ఆ సందడి చూడాలనుకునే వాళ్లు అప్పుడు వెళ్లండి. అమ్మానాన్నల్ని శివయ్య ముందు స్థిమితంగా నిలబెట్టాలనుకుంటే మాత్రం కార్తీకంలో సోమవారాలు, శని ఆదివారాలు తప్పించి వేరే రోజు చూసుకుని, ముందు రాత్రి అనంతగిరిలో ఉండి, గేటు తెరిచే వేళకి చేరుకోండి.