రైతుబజారా, వారం సంతా: కూరగాయలకు ఏది మేలు?

"మా వీధి చివరే వారానికోసారి సంత పెడతారు. అది వదిలేసి పొద్దున్నే రైతుబజారుకి పోవడం అవసరమా?" తెలిసినవాళ్ళు ఎవరు కలిసినా నన్ను ఇదే అడుగుతున్నారు. ఒక్కమాటలో చెప్పమంటే, ఆకుకూరలూ లేత కాయలూ కావాలంటే అవసరం, మిగతావాటికి అక్కర్లేదు. ఎందుకో చెప్తాను. నేను చూసింది హైదరాబాదు కాబట్టి ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్ లాంటి బజార్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. విశాఖలో సీతమ్మధారకో ఎంవీపీ కాలనీకో వెళ్ళేవాళ్ళు తమ లెక్క తాము సరిచూసుకోవాలి.

ముందు ధర సంగతి తేల్చేద్దాం, అందరూ మొదలుపెట్టేది అక్కడే కనుక. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పటి నుంచీ పద్ధతి ఒకటే. పొద్దున్నే టోకు మార్కెట్ ధరలు తెప్పించుకుని, దానిమీద కాస్త వేసి, బయటి చిల్లర ధరకంటే తక్కువ ఉండేలా చూసి బోర్డు మీద రాస్తారు. కాబట్టి చవకే. అయితే ఎంత చవక? నలుగురున్న ఇంటికి వారానికి ఆరు కిలోలనుకోండి. కిలోకి పది రూపాయలు మిగిలినా మొత్తం అరవై. ఆటో ఎక్కితే ఒకవైపు ప్రయాణానికే అది సరి. సొంత బండి ఉండి, బజారు ఆఫీసు దారిలోనే ఉంటే వేరే మాట. కేవలం ఆదా కోసమైతే నిద్ర చెడగొట్టుకోవద్దనే చెప్తాను.

2023 జూలై లాంటి రోజులు మినహాయింపు. టమాటా కిలో వంద దాటి ఎక్కడికో పోయినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లలో యాభై రూపాయలకు ఇప్పించారు, జనం బారులు తీరారు. అలాంటి రోజులు ఏటా రావు, వాటిని చూసి అలవాటు మార్చుకోలేం.

నా దృష్టిలో అసలు తేల్చేది ధర కాదు, కోసి ఎన్ని గంటలైందన్నది. ఒక తోటకూర కట్ట రెండు దారుల్లో ఎలా వస్తుందో చూడండి. చేవెళ్ళ వైపో శంకర్‌పల్లి వైపో రైతు సాయంత్రం చల్లబడ్డాక కోసి, కట్టలు కట్టి, తెల్లవారుజామున బండికెత్తితే ఆరింటికల్లా రైతుబజారులో ఉంటుంది. అంటే పన్నెండు గంటల సరుకు. అదే కట్ట టోకు మార్కెట్‌కి పోతే తెల్లవారుజామున వ్యాపారి కొంటాడు. సంత మొదలయ్యేది సాయంత్రం కదా, అంతదాకా గోనె కిందో ఆటోలోనో ఉంచుతాడు. రాత్రి ఏడింటికి మీరు బేరమాడేసరికి దానికి ఇరవై నాలుగు గంటలు దాటిపోతాయి. అందులో ఒక పగటి ఎండ మొత్తం ఉంది. తేడా చేసేది ఆ ఎండే.

కోసిన ఆకు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. గట్టిగా కట్టి గుట్టగా పేరిస్తే లోపల వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా తొందరగా వడలుతుంది. అందుకే కట్ట పైకి ఎలా ఉందని కాదు, మధ్యలోకి వేలు పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే చాలాసేపు మూటలో మగ్గిందని అర్థం. పైన చల్లిన నీళ్ళు కళ్ళను మోసం చేస్తాయి గానీ వేలిని చేయలేవు. కాడ కోసినచోట తెల్లగానో లేతపచ్చగానో ఉంటే ఫరవాలేదు, గోధుమరంగు తిరిగితే కోసి చాలాసేపైందని. పాలకూరకూ మెంతికూరకూ ఇది మరీ ముఖ్యం. గోంగూర కాస్త ఓర్చుకుంటుంది.

కాయల్లోనూ అన్నిటికీ తొందర ఒకేలా ఉండదు. మొక్కజొన్న కంకిలో తీపి కోసిన దగ్గర్నుంచీ పిండిగా మారుతూ ఉంటుంది, పచ్చి బఠాణీ కూడా అంతే. బెండకాయ ఆలస్యమైనకొద్దీ పీచు తేలుతుంది. (తొడిమ దగ్గర కాదు, కొస విరిచి చూడాలి. అమ్మేవాళ్ళు తిడతారు, అది వేరే సంగతి.) వంకాయకు ముచ్చిక మీద ముళ్ళు చేతికి గుచ్చుకోవాలి. అవి మెత్తబడిన వంకాయతో గుత్తివంకాయ చేస్తే మసాలా మాత్రమే మిగులుతుంది. ఆనపకాయ, బీరకాయ, దొండకాయలు కూడా తొలి గంటల్లోనే కొనాల్సిన సరుకు.

ఇక్కడ రైతుబజారు తీరులో ఒక మెలిక ఉంది. బోర్డు ధర రకానికి ఒకటే రాస్తారు, నాణ్యతకు వేరే ధర ఉండదు. లేత బెండకీ ముదురు బెండకీ ఒకే రేటు. దాంతో మంచివన్నీ ఏడున్నరకల్లా వెళ్ళిపోతాయి, పదింటికి వచ్చినవాళ్ళు ఏరగా మిగిలినవి అదే ధరకు కొంటారు. సంతలో ఇలా ఉండదు. పొద్దుపోయేకొద్దీ సరుకు నలుగుతుంది, ధర కూడా దిగుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు బండి కట్టేసే వేళ గుట్ట ఇరవైకి ఇచ్చేస్తారు. అందుకని పొద్దున తొమ్మిది తర్వాత రైతుబజారుకి వెళ్ళేవాళ్ళకి నా సలహా, సంతే నయం. "రైతుబజారులో కూడా ఏముందండీ, అన్నీ వడలిపోయినవే" అనేవాళ్ళలో చాలామంది ఆ వేళకు వెళ్ళినవాళ్ళే.

ఇంకొకటి. లోపల కూర్చున్నవాళ్ళందరూ రైతులు కారు, ఇది అందరికీ తెలిసిందే. గుర్తింపు కార్డులుంటాయి, బజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసరు ఉంటాడు, అయినా వ్యాపారులు చేరుతూనే ఉంటారు. ఉల్లి, ఆలుగడ్డలాంటివి అమ్మే మహిళా సంఘాల దుకాణాలు వేరు, అవి ఉండాల్సినవే. రైతును పట్టుకోవడం కష్టం కాదు. ఎవరి ముందు రెండు మూడు రకాలే ఉంటాయో, కాయలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయో, ముల్లంగికి మట్టి అంటుకుని ఉంటుందో అక్కడ ఆగండి. పది రకాలు ఒకే సైజులో మెరుస్తూ, పక్కన క్యాబేజీ, క్యారెట్, బీన్స్ కూడా ఉంటే అది టోకు మార్కెట్ నుంచి వచ్చిన సరుకు. ఆ స్టాల్ దగ్గర కొనడానికి పొద్దున్నే లేవనక్కర్లేదు. "ఎప్పుడు కోశారమ్మా?" అని అడగండి. రైతైతే పొలం ఊరితో సహా చెప్తారు, వ్యాపారైతే "ఫ్రెష్షే, తీసుకోండి సార్" అంటాడు.

అసలైన కాలపు సరుకు మాత్రం చాలాసార్లు గేటు బయట దొరుకుతుంది. కార్డూ స్టాలూ లేకుండా గంపతో కూర్చునే ముసలమ్మల దగ్గర. ఎండాకాలంలో చింతచిగురు, తొలకరి తర్వాత వాక్కాయలు, గంగవాయిలి కూర, వానాకాలంలో బోడకాకర, సంక్రాంతి వేళకు అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతివి), పచ్చి కందికాయలు, రేగుపళ్ళు. వీటిలో చాలావాటికి బోర్డు మీద గడి కూడా ఉండదు. బోడకాకర మొదట్లో చికెన్‌తో పోటీపడే ధర చెప్తారు. రెండు వారాలు ఓపిక పట్టండి, దిగుతుంది. చింతచిగురుకు ఆ ఓపిక పనికిరాదు, ముదిరిపోతుంది. కనిపించిన రోజే కొనాలి. వీళ్ళ దగ్గర నేను బేరమాడను. సంతలో ఆడతాను.

సంతను తక్కువ చేయడం లేదు. ఉల్లిగడ్డ ఏ మహారాష్ట్ర నుంచో కర్నూలు నుంచో వస్తుంది, ఆలుగడ్డ ఆగ్రా వైపు నుంచి, క్యారెట్ ఊటీ నుంచి. ఇవి లారీల్లో రోజులు గడిపి వచ్చినవే, పొద్దున కొన్నా రాత్రి కొన్నా తేడా ఏమీ రాదు. అల్లం, వెల్లుల్లి, నిమ్మకాయలు, గుమ్మడికాయ, చేమగడ్డ, కంద కూడా ఇదే కోవ. వీటికి నడిచి వెళ్ళగలిగే సంతను మించింది లేదు. ఆఫీసు అయ్యాక వెళ్ళొచ్చు, పావుకిలో అడిగినా ముఖం చిట్లించరు, కొసరుగా రెండు మిరపకాయలు వేస్తారు. తూకం మాత్రం కళ్ళు తెరిచి చూసుకోవాలి. రైతుబజారులో అనుమానం వస్తే ఆఫీసు గదికి వెళ్ళి అడగొచ్చు, సంతలో అడగడానికి ఎవరూ ఉండరు.

మిగతావి క్లుప్తంగా. తోపుడు బండి కరివేపాకుకీ కొత్తిమీరకీ మంచిది, ధర కాస్త ఎక్కువైనా గుమ్మం ముందుకు వస్తుంది. సూపర్ మార్కెట్లో ఏసీ తప్ప చెప్పుకోదగ్గదేమీ నాకు కనిపించలేదు. యాప్‌లు పచ్చిమిర్చి అయిపోయిన రాత్రికి పనికొస్తాయి. టమాటా, వంకాయ, దోసకాయలకు మరీ చలి పడదు కాబట్టి, ఎక్కడ కొన్నా వాటిని ఫ్రిజ్‌లో కుక్కకండి. పళ్ళ సంగతి ఈ చర్చలోకి తేలేను. రైతుబజారులోనూ పళ్ళు ఎక్కువగా వ్యాపారుల చేతుల్లోనే ఉంటాయి, మామిడికి తెలిసిన తోట ఉంటే అంతకంటే అదృష్టం లేదు.

మా ఇంట్లో ఆదివారం పొద్దున రైతుబజారు, వారం మధ్యలో సంత. ఆదివారం తెచ్చిన ఆకుకూరలు రెండు రోజుల్లో వండేస్తాం, కాయలు బుధవారం దాకా నడుస్తాయి. ఆ తర్వాత దుంపలూ ఉల్లిగడ్డలే. ముసురు పట్టిన వారాల్లో ఈ లెక్క తప్పుతుంది. తడిసిన పొలంలో కోసిన కొత్తిమీర, పాలకూర ఎంత పొద్దున తెచ్చినా సాయంత్రానికి కుళ్ళుతాయి, ధర కూడా రెట్టింపు చెప్తారు. అప్పుడు ఆకు జోలికి పోకుండా బీర, కాకర, దొండతో సరిపెట్టుకుంటాం. వర్షంలో ఆటో కోసం నిలబడే ఓపిక లేకపోతే వాటిని సంతలోనే కొనేస్తాం.